జాంబవంతుడి గంట

నేను ఒక కంచు గంటను. పుట్టి ఇన్నేళ్లయినా నన్ను చూసి దణ్ణం పెట్టినవాళ్లు లేరు, ఆ ఇద్దరు ఆడవాళ్లు వచ్చేదాకా. ఆ రోజు పట్టిన దిమ్మ ఇంకా వదల్లేదు.

జపాన్ కొండల్లో సుగినోజుకు అనే చిన్న మజిలీ ఊరు నాది. పూర్వం రాజధానికి వెళ్లే బాటసారులు ఇక్కడ గుర్రాలు మార్చుకునేవారు. గుర్రపుశాల వాళ్లు నన్ను పోత పోయించారు. నేను మోగితే అలసిన గుర్రం మేతకు, కొత్త గుర్రం దారికి. తరవాత రైలు వచ్చింది. అదీ ఈ ఊరి మొహం చూడకుండా పక్క లోయలోంచి పోయింది. గుర్రాలు పోయాయి, జనం పోయారు. కొన్నాళ్లు నన్ను బడికి కట్టారు. పిల్లలూ లేకుండాపోయారు. పారెయ్యడానికి మనసొప్పని వస్తువుకు మనుషులు ఏదో ఒక ఉద్యోగం కనిపెడతారు. నన్ను తెచ్చి ఊరి పైనున్న రాళ్ల బాటలో వేలాడదీశారు. నడిచి వచ్చేవాళ్లు తాడు పట్టి గట్టిగా వాయిస్తే ఎలుగుబంట్లు దూరంగా పోతాయి. సత్రం నడిపే తొమోయె ఆ సంగతి పలక మీద రాసి, ఎలుగుబంటి బొమ్మ కూడా గీసింది. పిల్లలు జడుసుకుంటారని దానికి చిరునవ్వు పెట్టింది. కొంప ముంచింది ఆ చిరునవ్వే.

కాకినాడ నుంచి విహారయాత్రకు వచ్చిన సౌదామిని, ఆమె ఆడపడుచు హైమవతి ఆ బాట ఎక్కారు. హైమవతివి కొత్తగా ఆపరేషన్ అయిన మోకాళ్లు. కూర్చుంటే లేవడానికి వదిన చెయ్యి కావాలి. ఈ నడక నడవలేకపోతే ఇక జన్మలో గడప దాటనని ఇంట్లో శపథం చేసి మరీ వచ్చింది. పలక మీద అక్షరాలు వాళ్లకు రావు. బొమ్మ మాత్రం చూశారు.

"ఒసేయ్ హైమా, జాంబవంతుడే! గుడి లేకపోయినా గంట కట్టారు చూడు, ఎంత భక్తో!" అంది సౌదామిని.

"ఈ అడవిలో ఆయన కాక ఇంకెవరుంటారొదినా," అంటూ హైమవతి పక్కనున్న బండ మీద కూలబడింది.

ఇద్దరూ బూట్లు విప్పారు. సౌదామిని నా తాడును పసిపిల్లను జోకొట్టినట్టు కదిపింది. ఆ చప్పుడుకి ఉడత కూడా బెదరదు. తరవాత సంచిలోంచి సున్నుండలు తీసి, ఆకు పరిచి నా కింద పెట్టింది. నాకు మతిపోయింది. ఎవరిని తరమడానికి నన్ను కట్టారో వాళ్లకే ఈ మహాతల్లి నేతి సున్నుండలతో విస్తరి వేసింది!

"స్వామీ, దీని మోకాళ్లు బాగుచెయ్యి తండ్రీ," అని కళ్లు మూసుకుని వేడుకుంటోంది.

స్వామి రానే వచ్చాడు. నల్లగా, పొదలు తోసుకుంటూ, సరిగ్గా సౌదామిని వెనకనుంచి.

హైమవతి చూసింది. నాకు తెలిసిన పని ఒక్కటే, అదీ నాకు నేనుగా చెయ్యలేను. ఆ క్షణంలో గంటగా పుట్టినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు హైమవతి లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, వట్టి కాళ్లతో రాళ్ల మీద పరుగెత్తుకొచ్చి, నా తాడు అందుకుని లాగింది. లాగడమా అది! కొండ దద్దరిల్లిపోయింది. ఎలుగుబంటి వెనక్కి చూడకుండా అడవిలో పడింది. నా అంచు పగిలింది.

నా మోత విని తొమోయె మోకాలు పట్టుకుని కుంటుతూ ఎక్కి వచ్చింది. సున్నుండలు చూసి బిత్తరపోయింది. ఆమె జపాన్ భాషలో అరిచింది, చేతిలోని ఫోను దాన్ని తెలుగులో అప్పజెప్పింది.

"ఇది దేవుడు కాదు. ఎలుగుబంటిని పారద్రోలు గంట. దయచేసి భోజనము ఉంచవద్దు."

"కాదంటావేంటమ్మా! అడిగాం, వచ్చాడు, ఇచ్చాడు, వెళ్లాడు," అంది సౌదామిని. పక్కన హైమవతి తన కాళ్లకేసి చూసుకుంటూ ఏడుస్తోంది, నవ్వుతోంది.

పగిలిన గంట అడవిలో ఎందుకని నన్ను ఊరి మ్యూజియంలో పెట్టారు. 'ఎలుగుబంట్లను తరిమే గంట' అని తొమోయె స్వయంగా చీటీ రాసి అంటించింది. మొన్న అందరూ వెళ్లిపోయాక ఆమె ఒక్కతే వచ్చింది. అటూ ఇటూ చూసింది. నా ముందు ఒక బియ్యప్పిండి ఉండ పెట్టి, కళ్లు మూసుకుని, మోకాలి మీద చెయ్యి వేసుకుంది.