ఆముదం పోసిన రంపం

డబ్బాను తలకిందులు చేసి సాయిలు గట్టిగా దులిపాడు. అడుగున మిగిలిన నల్లటి ఆయిల్ మూతిదాకా వచ్చి అక్కడే వేలాడింది తప్ప మిషన్‌లోకి దిగలేదు. చెట్లు కోసే మిషన్‌కు పెట్రోలు ఒక్కటే చాలదు. చైను తిరిగే పట్టీకి ఎప్పుడూ నూనె తడి ఉండాలి, లేకపోతే వేడెక్కి చైను తెగుతుంది. దుకాణంలో అమ్మే చైన్ ఆయిల్‌ను సాయిలు మిషన్ కొన్న కొత్తలో వాడాడు. ఆ తర్వాత జనగామ రోడ్డు మీద మెకానిక్ షెడ్డులో లారీల నుంచి తీసి పారబోసే కాలిన ఆయిలే గతి అయింది. ఇప్పుడు తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. షెడ్డు షట్టర్ దించేసి మెకానిక్ కూడా సమ్మె టెంటు కింద కూర్చున్నాడు.

"ఓ అయ్యా, గిది పోస్కో" అంటూ అతని భార్య లచ్చమ్మ గడపలోంచి సీసా చాపింది.

సీసాలో ఆముదం. చెల్కలో పండిన గింజలు వేయించి, దంచి, నీళ్లలో మరిగించి, పైకి తేలిన నూనెను ఆమె తన చేత్తో తీసింది. మిషన్‌కు ఇదే పోయమని ఆమె ఏళ్లుగా చెబుతోంది. చెట్టు కోసినచోట రాలిన, మిషన్ ఆయిల్ పట్టిన రంపపు పొట్టును సాయిలు గోనెసంచిలో నింపి ఇంటికి తెస్తాడు. ఇంట్లో ఉన్నది పొట్టు పొయ్యి. రేకు డబ్బాలో నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసాను మెల్లగా పైకి లాగితే మంటకు దారి ఏర్పడుతుంది. ఆ మంటతో పాటే నల్లటి పొగ లేచి ఇల్లంతా కమ్మేది. లచ్చమ్మ దగ్గు వాకిలిదాకా వినిపించేది.

"పొట్టుల నీ ఆయిలే మండుతున్నదయ్య. ఒక్కపారి ఆముదం పోసి కోసి సూడు" అని ఆమె అడిగినప్పుడల్లా అతను పెడచెవిన పెట్టాడు. సాయిలుకు ఒకరు చెబితే వినే అలవాటు చిన్నప్పటి నుంచీ లేదు. పైగా ఆయిల్ పట్టిన పొట్టు తొందరగా అంటుకుంటుందనీ, అది పెండ్లానికి తను చేస్తున్న మేలనీ అతని నమ్మకం. కట్టెలేరే బాధ తప్పించానని నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

"ఆముదం జిగట. చైను పట్టేస్తది" అన్నాడు ఇప్పుడు కూడా.

"ఎండల పెట్టు, పలసబడ్తది. పొద్దుమీకి పని ఒడిసినంక చైను కిరసనాయిల్ గుడ్డతోని తుడువు." ఆ నాలుగు మాటలకే ఆమెకు ఆయాసం వచ్చింది. తలుపు చెక్క పట్టుకుని నిలబడింది.

"దవాఖానకు పోదమా?"

"బస్సులేడున్నయి? సమ్మె ఒడిసినంక పోదం. నువ్వు జర మంచి పొట్టు తే, సాలు."

వేరే దారి లేక సాయిలు సీసా తీసుకున్నాడు.

ఊరి రైతు కొమురెల్లి చేను గట్టు మీద ఎప్పుడో ఎండిపోయిన తుమ్మచెట్టు ఉంది. సాయిలు మిషన్ ఎత్తి చెట్టు మొదలుకు ఆనించాడు. పొట్టివాడు, మెడ వంగిపోయింది, కుడిచెవి ఈ మోతకే పోయింది. అరచేతుల గీతల్లో దిగిన నలుపు ఏ సబ్బుకూ వదల్లేదు. అతని అంగీ మీది ఆయిల్ మరకలు ఉతికి ఉతికి లచ్చమ్మ వేళ్లు పగిలాయి. ఆముదానికి చైను పట్టేయలేదు. ఎప్పటికన్నా మెత్తగానే తిరిగింది. రాలిన పొట్టు ఎర్రగా, పొడిగా, శుభ్రంగా ఉంది. అది చూసి కూడా అతను ఒప్పుకోలేదు. చెట్టు మంచిదై ఉంటుందిలే అనుకుని సంచి నింపాడు.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు మీదే వండుకు తినే సమ్మె వంటావార్పు జరుగుతోంది. ఊరంతా అక్కడే ఉంది. ఇటుకల పొయ్యిల మీద గుండిగలు, పక్కన జెండాలు, మధ్యమధ్య జై తెలంగాణ కేకలు. పొయ్యి ఊది ఊది కళ్లు ఎర్రబడిన యాదమ్మ అతని సైకిల్‌ను ఆపింది.

"సాయిలన్నా, కట్టెలు పచ్చియి, అంటుకుంటలెవ్వు. నీ సంచిల పొట్టు ఇంత ఎయ్యరాదె!"

సాయిలు దోసెడు పొట్టు తీసి పొయ్యిలో వేశాడు. వేసి, అలవాటుకొద్దీ ముఖం పక్కకు తిప్పుకుని తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నల్ల పొగ రాలేదు. మంట భగ్గున లేచింది. పల్చని పొగ, ఆముదం వాసన, అంతే.

"ఏం పొట్టన్నా గిది! దగ్గే వస్తలేదు" అంది యాదమ్మ.

సాయిలు తువ్వాల దించి ఆ మంటనే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్లూ ఇంటికి మోసుకెళ్లింది పొట్టు కాదు, పొగ అని అప్పుడు తెలిసింది. తన చేత్తో తనే తెచ్చి ఆమె ముందు కుమ్మరించాడు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"బువ్వ తినిపో అన్నా."

"లేదవ్వా, పోవాలె. ఇయ్యాల పొయ్యి నేనే అంటిస్త."

సైకిల్ తొక్కుతున్నంత సేపూ ఒకటే మాట నోట్లో తిప్పుకున్నాడు. నువ్వు చెప్పిందే నిజం, లచ్చవ్వా. కాపురం మొదలైన నాటి నుంచి ఆ మాట అతని నోట రాలేదు. ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు.

ఇంట్లో లచ్చమ్మ పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. పోయిన వారం తెచ్చిన నల్లపొట్టునే డబ్బాలో దట్టించింది. దమ్ము తీసుకుందామని కాసేపు కూర్చుని కునుకు తీసిందనుకున్నాడు.

"లచ్చవ్వా, గా పొట్టు తీసెయ్యే. మంచిది తెచ్చిన సూడు." సంచి మూతి విప్పి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు చెప్పిందే..."

ఆమె కదల్లేదు. భుజం పట్టి కదిపాడు. తల అతని చేతిమీదికి వాలింది. పొట్టు అంటిన వేళ్లు చల్లబడ్డాయి. సాయిలు పక్కనే కూలబడి, ఆగిపోయిన మాటను పూర్తి చేశాడు. ఆమె చెవి దగ్గరికి వంగి మళ్లీ చెప్పాడు. జీవితంలో మొదటిసారి ఒప్పుకున్నాడు, వినాల్సిన మనిషి మాత్రం వినలేదు.

ఏడుపు విన్నవాళ్లు కబురు చెప్తే రోడ్డు మీది జనమంతా వచ్చారు. ఆడవాళ్లు లచ్చమ్మను వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టారు. లోపల చల్లని పొయ్యిలో, నల్లపొట్టు నడుమ, పైకి లాగే చెయ్యి లేక సీసా అలాగే నిలబడి ఉంది.