ఇస్త్రీ అత్త

రాణి వేషం పావడాకి కుచ్చిళ్లన్నీ తీరాయి గానీ, అంచు దగ్గర ఒక్క మడత మొండికేసింది. అత్త సీసాలోంచి నాలుగు చుక్కలు చల్లి మళ్లీ అదిమింది. బుస్సుమని లేచిన ఆవిరి కళ్లద్దాలని మసకబార్చింది. అద్దాలు తుడుచుకోకుండానే చేత్తో తడిమి చూసుకుంది. మడత పోయింది.

నాటక సమాజంలో అందరికీ ఆమె అత్తే. నిజానికి ఆ పిలుపు మీద హక్కున్నది ఒక్కర్తికే, తమ్ముడి కూతురికి. నిరుడు చలికాలంలో సమాజంతో పాటు బయల్దేరిన ఆ పిల్ల, మొదటి వారమంతా "అత్తా, అత్తా" అని ప్రతి గదిలోనూ వెతుక్కుంటూ తిరిగితే, మిగతావాళ్లకీ అదే నోటికి పట్టేసింది. అంతకుముందు ఆమె వట్టి ఇస్త్రీ ఆవిడ.

ఏళ్ల తరబడి దేశాలు తిరుగుతోందన్న మాటే గానీ, ఏ దేశం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే అక్కడి గోడల్లో ప్లగ్గు రంధ్రాలు ఎలా ఉంటాయో చెబుతుంది. కుళాయి నీళ్లకి ఇస్త్రీపెట్టె అడుగున ఎంత తెల్లటి పొర కడుతుందో చెబుతుంది. అంతకుమించి ఆమె చూసింది లేదు. బస్సు దిగడం, పెట్టెలు దింపించుకోవడం, నేలమాళిగలో ఏదో ఒక గది చూసుకుని తాళ్లు కట్టడం. ఊరంటే ఆమెకి నెత్తిమీద వినిపించే అడుగుల చప్పుడు.

మేనకోడలు తల్లి లేని పిల్ల. చదువు మధ్యలో వదిలేసి కిటికీ దగ్గర కూర్చుని గోళ్లు కొరుక్కుంటోందని తమ్ముడు బాధపడితే, "నాతో పంపించరా, హుక్కులైనా కుట్టుకుంటుంది" అంది అత్త. మొదట్లో ఆ పిల్ల కొత్త ఊళ్లో రోడ్డు దాటాలంటే అత్త మోచెయ్యి గట్టిగా పట్టుకునేది. బస్సులో అత్త భుజం మీద తల పెట్టి నోరు తెరుచుకుని నిద్రపోయేది. భుజం తిమ్మిరెక్కినా అత్త కదిలేది కాదు. తనకంటూ ఒకళ్లు బరువు కావడం ఆమెకి అదే మొదలు.

ఎండాకాలం వచ్చేసరికి పిల్లకి నాలుగు పరాయి మాటలు పట్టుబడ్డాయి. రొట్టెల కొట్లో అది గలగలా మాట్లాడుతుంటే అత్త వెనకాల సంచీ పట్టుకుని నిలబడేది. నేను తీసుకొచ్చిన పిల్ల నన్ను తిప్పడమేమిటని లోపల ముల్లులా ఏదో గుచ్చుకునేది. ఆ ముల్లు కాస్తా ఇనప మేకు అయింది లైట్లావిడ వల్ల.

లైట్లావిడ సమాజంలో దీపాలు చూసుకునే మనిషి. జేబుల ప్యాంటు, కురచ జుట్టు, ఎప్పుడూ మెడలో వేలాడే ఒక చిన్న టార్చి. ఒకరోజు నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కావాలని పిల్లని పిలిచింది. ఆ తర్వాత పిలవక్కర్లేకపోయింది. హుక్కుల డబ్బా అత్త పక్కన మూత తీసి అలాగే ఉండేది, పిల్ల మాత్రం పైన దీపాల దగ్గర.

"అత్తా, నా చొక్కా అయిందా?" అంటూ డోలు వాయించే అతను తొంగి చూశాడు.

"కాలరు మిగిలింది. నిలబడు."

అతను గుమ్మానికి ఆనుకున్నాడు. "అయితే మీ పిల్ల ఇక్కడే ఉండిపోతోందన్నమాట."

"ఎక్కడ?"

"ఇక్కడే, ఈ థియేటర్లో. లైట్లావిడని ఉద్యోగంలోకి తీసుకున్నారుగా. పని నేర్పిస్తాను, నాతో ఉండిపో అందట. వీసా కాగితాల సంగతి థియేటర్ వాళ్లే చూసుకుంటారట. నీకు తెలుసనుకున్నానే."

"తెలుసు" అంది అత్త. తీరిన కాలరునే మళ్లీ రుద్ది, చొక్కా అతని చేతిలో పెట్టింది.

అతను వెళ్లిన కాసేపటికి తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పిల్ల నిన్న నాతో మాట్లాడింది. దీపాల పని నేర్చుకుంటుందట. అత్త సరే అంటే నాకూ సరే అన్నాను. ఇంతకీ ఆవిడ ఎలాంటిది?"

అత్త తాడు మీద ఆరేసిన మేజోళ్ల వంక చూసింది. "తాగుతుందిరా" అంది.

"నిజంగానా?" అన్నాడు తమ్ముడు.

"నలుగురిలో బాగానే ఉంటుంది. పిల్లని నమ్మి వదిలే మనిషి కాదు."

లైట్లావిడ టీ కూడా పల్చగా తాగే రకం. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని అత్తకి ఆ రోజు దాకా తెలియదు. ఫోన్ పెట్టేశాక మనసు చల్లబడింది. పిల్ల బస్సులో మళ్లీ తన పక్కనే కూర్చుంటుంది. కిటికీ వైపు దానికిచ్చేయొచ్చు.

పిల్ల దిగి వచ్చేసరికి చేతుల నిండా మసి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. స్టూలు లాక్కుని, హుక్కుల డబ్బా ముందేసుకుంది. ఒక హుక్కు కుట్టింది. రెండోది తలకిందులుగా కుట్టి విప్పింది.

"నాన్న వద్దన్నాడు" అంది.

"ఎందుకట?"

"చెప్పలేదు. అత్తతో వచ్చేయ్ అన్నాడంతే." దారం కొరికింది. "నీకు ముందే చెబుదామనుకున్నా అత్తా. మాట వచ్చేది కాదు."

"నేనేం మింగేస్తానా?"

"ఆవిడ పేరెత్తితే చాలు, ఇస్త్రీపెట్టె బల్లమీద దబీమని పెడతావు."

అత్త చేతిలోని ఇస్త్రీపెట్టెని నెమ్మదిగా దాని గూట్లో పెట్టింది. పిల్ల తల ఎత్తలేదు.

"ఇవాళ ఆఖరి ఆట కదా. తెల్లవారే సీనుకి దీపాలు నన్నే చూడమంది. పైకొచ్చి చూడవా?"

"బట్టలెవరు చూస్తారు?"

"రెండో అంకం దాకా మార్చేవేం లేవుగా. ఒక్కసారి రా అత్తా."

మధ్యాహ్నం ఆట మొదలయ్యాక పిల్ల వెనక ఇనుప మెట్లెక్కింది అత్త. ఇన్నేళ్లలో ఆటని ఎదురుగా ఎన్నడూ చూడలేదు. చూసిందల్లా తెర పక్క సందులోంచి నటుల వీపులూ, వాటి మీది చెమట మరకలూ.

హాలు వెనక గోడకి ఎత్తున ఒక గూడులాంటి గది. పిల్ల మీటల బల్ల ముందు కూర్చుంది. లైట్లావిడ అత్తకి కుర్చీ జరిపి, తను గోడ దగ్గరికి వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

కింద వేదిక మీద చీకటి. పిల్ల వేలితో ఒక మీటని మెల్లమెల్లగా పైకి నెట్టింది. ఎక్కడో నేల అంచున బూడిదరంగు వెలుగు పుట్టింది. అది పాకి పసుపైంది. రాణి లేచి నిలబడితే ఆ వెలుగు పావడా మీదికి ఎక్కి, ఒక్కో కుచ్చిలికీ ఒక్కో నీడ పోసింది. పొద్దున తను రుద్దిన కుచ్చిళ్లే. హాల్లో ఎవరో ఊపిరి గట్టిగా తీసుకోవడం వినిపించింది.

అత్త పిల్ల వైపు తిరిగింది. దాని నాలుక కొస పెదవి మూలకి వచ్చింది. కనుబొమలు ముడిపడ్డాయి. దాని ముఖంలో ప్రతి గీతా తనకి తెలుసనుకుంది. హుక్కులు కుట్టేటప్పుడు ఈ ముఖం ఏనాడూ కనబడలేదు. మీట ఒకచోట కొంచెం వణికింది. తనైతే చప్పున చెయ్యి పట్టుకుని ఉండేది. లైట్లావిడ గోడ దగ్గర్నుంచి అంగుళం కూడా కదల్లేదు. పిల్ల తనంతట తనే సర్దుకుంది.

అప్పుడు కలిగిన మంట అంతకుముందు లాంటిది కాదు. ఈవిడకి ఇలా నిలబడటం ఎలా వచ్చిందీ అనిపించింది. తన ఆవిరి గదికి పైన ఇంత వెలుగుందని ఇన్నేళ్లలో ఒక్కరూ తనని పిలిచి చూపించలేదేం అని కూడా అనిపించింది. ఈ పిల్లకి ఏడాదికే దొరికింది.

కిందికొచ్చి, తడి మేజోళ్ల మధ్య నిలబడి తమ్ముడికి ఫోన్ చేసింది.

"పొద్దున చెప్పింది అబద్ధంరా. ఆవిడ తాగదు. పనిమంతురాలు, నెమ్మదస్తురాలు. పిల్లని ఉండనీ."

"మరి ఎందుకలా అన్నావు?"

"కుళ్లు."

"ఎవరి మీదక్కా?"

అత్త తడి మేజోడొకటి తాడు మీద సరిచేసింది. "ఇద్దరి మీదా" అంది.

మర్నాడు పొద్దున్నే బస్సులోకి పెట్టెలు ఎక్కించడానికి పిల్ల వచ్చింది. ఒంటి మీద లైట్లావిడ కోటుంది. భుజాలు జారిపోతున్నాయి. సాయం పట్టడానికి ఆవిడా వచ్చింది.

"దీనికి చలికి పెదాలు పగులుతాయి" అంది అత్త, ఆవిడ ముఖంలోకి చూడకుండా. "చెప్పదు. మనమే చూసుకోవాలి."

"సరే అత్తా" అంది లైట్లావిడ.

అందరూ అనేదే అయినా, అత్తా అనడానికి నువ్వెవరని అడగాలనిపించింది. అడగలేదు. పిల్ల మెడ చుట్టూ చేతులు వేసింది. దాని జుట్టులోంచి కాలిన దుమ్ము వాసన, దీపాల వాసన వచ్చింది. బస్సు మలుపు తిరుగుతుంటే, వాళ్లిద్దరూ ఏదో మాట్లాడుకుంటూ లోపలికి వెళ్లిపోవడం అద్దంలోంచి కనిపించింది. పిల్ల ఇంకాసేపు నిలబడుతుందనుకుంది. పక్క సీట్లో డోలు పెట్టారు.

తర్వాతి ఊళ్లో గది కాస్త పెద్దదే. కిటికీ కూడా ఉంది. అత్త తాళ్లు కట్టుకుని, పెట్టె మూత తీసి, బట్టలన్నీ బల్ల మీద పేర్చింది. అడుగున ఇస్త్రీపెట్టె ఉంది. చుట్టచుట్టిన దాని తీగ విడిపోకుండా పిల్ల తన తలకి పెట్టుకునే నల్ల రబ్బరు బ్యాండు వేసి పెట్టింది. దానికి రెండు పొడవాటి వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి.