వన్స్ మోర్ ముద్ర

అంజిబాబు గారికి కళంటే ప్రాణం. ఎవరి ప్రాణమన్నది మాత్రం ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. ఎనభైల మొదట్లో, అబుదాబి ఊరి బయట మఫ్రఖ్‌లో ఉన్న ఒక పైపుల కంపెనీలో ఆయన పర్సనెల్ ఆఫీసరు. కూలీల సెలవులూ పాస్‌పోర్టులూ ఆయన గుప్పిట్లో ఉండేవి. శుక్రవారం వస్తే తెలుగు నాటక మిత్రమండలికి ఆయనే అధ్యక్షుడు, ఆయనే దర్శకుడు, వేరే చెప్పాలా, ఆయనే కథానాయకుడు. కాకినాడలో చదువుకునే రోజుల్లో ఎవరో మొహమాటానికి ఇచ్చిన వెండి కప్పొకటి సముద్రం దాటి వచ్చి ఆయన ఇంట్లో టీవీ మీద కూర్చుంది.

ఆ ఏడాది మండలి ‘దరఖాస్తు దర్బారు’ వేయాలని తీర్మానించింది. అది పాత సంగీత ప్రహసనం. తాలూకాఫీసుల కాలంలో ఎవరో మహానుభావుడు కడుపు మండి రాశాడు. కథ చాలా చిన్నది. గుమాస్తా సెలవడుగుతాడు, ఆఫీసరు "రేపు రా" అంటాడు. గుమాస్తా పద్యం ఎత్తుకుంటాడు, ఆఫీసరు "చూద్దాం" అంటాడు. గుమాస్తా ఇంకో పద్యం ఎత్తుకుంటాడు, ఆఫీసరు "వీల్లేదు" అంటాడు. చివరికి ఆఫీసరు ఉద్యోగం ఊడిపోయి, గుమాస్తాయే ఆ కుర్చీ ఎక్కుతాడు. పాత ఆఫీసరు సెలవు దరఖాస్తు పట్టుకుని వచ్చి చేతులు జోడిస్తాడు. కొత్త ఆఫీసరు ముద్ర చేత్తో పైకెత్తి ఒక పద్యం పాడి, దరఖాస్తు మీద దభీమని గుద్ది, సంతకం గీకి, "రేపు రా" అంటాడు. తెర పడుతుంది.

పద్యాలు పద్నాలుగూ గుమాస్తావే. కనుక గుమాస్తా వేషం ఎవరిదో మీరే చెప్పగలరు. ఆఫీసరుకి ఉన్నవి ఆ మూడు మాటలే. పద్యం లేని వేషం తమ హోదాకి తగదని మండలిలోని ఇంజనీర్లంతా తప్పుకున్నారు. అప్పుడు అంజిబాబు కన్ను కంపెనీలో టీ కలిపే పర్శరాములు మీద పడింది.

పర్శరాములుది జగిత్యాల పక్కన పల్లె. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. మూడేళ్ళుగా ట్రే పట్టుకుని ఆఫీసర్ల ముందు నిలబడ్డవాడు కావడంతో, "రేపు రా" అనేటప్పుడు ఆఫీసరు ఎక్కడ చూస్తాడో అతనికి బాగా తెలుసు. ఎదుటివాడి మొహం వంక చూడడు, వాడి వెనకున్న గోడ వంక చూస్తాడు. మొదటి రిహార్సల్లో పర్శరాములు అలా గోడను చూస్తూ "రేపు రా" అనేసరికి అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది అంజిబాబు.

"అబ్బబ్బ, ఎక్కడ పట్టావోయ్ ఈ పోజు?"

"గిట్లనే సారూ, ఆడీడ చూసిన" అన్నాడు పర్శరాములు నేల చూపులు చూస్తూ.

రిహార్సల్సు అంజిబాబు గారింట్లోనే జరిగేవి. సీను అయ్యాక ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచి వంటింట్లోకి పోయి అందరికీ టీ పెట్టి తెచ్చేవాడు. మళ్ళీ కుర్చీ ఎక్కి "వీల్లేదు" అనేవాడు. ఇందులో వింతేముందో ఎవరికీ కనబడలేదు.

ఇక్కడ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. పర్శరాములుకి ఊళ్ళో పిల్ల కుదిరి ఏడాదిన్నర అయింది. పేరు లక్ష్మవ్వ. మొదటి ముహూర్తానికి సెలవడిగితే, "వచ్చే నెల్లోనే నాటకం, ఇప్పుడెలా వెళ్తావోయ్?" అన్నాడు అంజిబాబు. ముఖ్య అతిథి కంపెనీ ముదీర్, అంటే అందరికీ పై మేనేజరు అబూ సాలెం. ఆయన లండన్ వెళ్ళాడని నాటకం ఆగింది. పెళ్ళీ ఆగింది. రెండో ముహూర్తానికి హార్మోనియం పాడైంది. పెళ్ళి మళ్ళీ ఆగింది. సెలవు ఇవ్వని ఆఫీసరు వేషం వేయాలి కాబట్టి పర్శరాములుకి సెలవు లేదు. ఏడాదిన్నరగా ఆ నాటకం నడుస్తూనే ఉంది, టిక్కెట్టు లేకుండా.

అంతలో ఊరి నుంచి వచ్చినవాడొకడు క్యాసెట్టు తెచ్చిచ్చాడు. ఆ రోజుల్లో చదువు రానివాళ్ళకి ఉత్తరం అంటే అదే. ఆఫీసు వెనక టీ గదిలో, టైపిస్టు చాంద్ బాషా తన టేప్‌రికార్డరులో అది పెట్టాడు. కడపవాడు, నాటకానికి హార్మోనియం కూడా అతనే. గరగర తర్వాత లక్ష్మవ్వ గొంతు పలికింది.

"నేను లచ్చవ్వను మాట్లాడుతున్న. మూడోపారి లగ్గం పెట్టిండ్రు. వచ్చే నెల పన్నెండుకు. నువ్వస్తె నీతోని, రాకుంటె అదే పందిట్ల మా మ్యానబావతోని జేస్తనంటుండు మా నాయిన. నాకైతె నువ్వే గావాలె. గని ఎన్నొద్దులని జూడాలె? నువ్వస్తవా, రావా?" ఎక్కడో మేక అరిచింది. "బువ్వ మంచిగ తింటున్నవా?" అంది. టేపు అయిపోయింది.

పర్శరాములు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాడు. మొదటి మాటలకి ఆగాడు గానీ బువ్వ దగ్గర ఆగలేకపోయాడు.

ఆ సాయంత్రమే అంజిబాబు గారింటికెళ్ళి గుమ్మంలో నిలబడి సంగతంతా చెప్పాడు. అంజిబాబు అతని వెనకున్న గోడను చూశాడు.

"నాటకం నాలుగో తారీఖు. ఐదున సంతకం పెట్టేస్తా. సరేనా? నా మాట మీద నమ్మకం లేదుటోయ్?"

నమ్మకం ఉందన్నాడు పాపం పర్శరాములు. వారం తిరక్కుండానే రిహార్సల్లో అంజిబాబు చేతులు నులుముకుంటూ శుభవార్త చెప్పాడు. దుబాయ్‌లో డేరా తెలుగువాళ్ళు పదకొండుకి రమ్మన్నారట. అల్ ఐన్ వాళ్ళు పద్దెనిమిదికి రమ్మన్నారట. "మన నాటకానికి యోగం పట్టిందోయ్!"

"మరి నా లగ్గం సారూ?"

"చూద్దాం."

లోపల్నుంచి ఉప్మా ప్లేట్లు తెస్తున్న ఆయన భార్య మాణిక్యాంబ ఆగింది. "ఏవండీ, ఆ అబ్బాయి పెళ్ళి మూడోసారండీ."

"కళకి త్యాగం కావాలే!"

"ఎవరిదండీ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ప్లేట్లు పంచింది.

ఆ రాత్రంతా పర్శరాములుకి నిద్ర లేదు. పొద్దున టీ గదికి చాంద్ బాషా మూడు కాగితాలతో వచ్చాడు. సెలవు ఫారం, పాస్‌పోర్టు ఇచ్చేయమనే చీటీ, విమానం టిక్కెట్టు ఇప్పించమనే లెటరు. మూడూ నీటుగా టైపు కొట్టి ఉన్నాయి. మూడింటి మీదా కంపెనీ గుండ్రటి ముద్రా, అంజిబాబు ఆకుపచ్చ సంతకమూ పడాలి.

ఆ ముద్రను అరబ్బులు ఖతమ్ అంటారు. పర్శరాములు కొత్తగా వచ్చినప్పుడు ఒక ఆఫీసులో అతని కాగితం చూసి ఎవరో "ఖతమ్ ఏదీ?" అంటే, తన పనే ఖతమైందనుకుని మెట్ల మీద కూర్చుని గోలుగోలున ఏడ్చాడు. మన దగ్గర ఖతమంటే అయిపోవడం. ఈ దేశంలో ఖతమ్ పడితే గానీ ఏదీ మొదలు కాదు.

"గీ కాయిదాలు ఏం జేస్కోవాలె బాషా భాయ్? ఆయన ముద్ర ఎయ్యడు గద."

"ఏస్తాడబ్బా. స్టేజీ మీద ఏస్తాడు" అన్నాడు చాంద్ బాషా గొంతు తగ్గించి. "రియలిజం, రియలిజం అని అసలు ముద్రే తెప్పిస్తా ఉండాడు గదా. పద్యం ఎత్తుకుంటే ఆయప్ప కండ్లు మూసుకుంటాడు. ముద్ర గుద్దినాక చెయ్యి దానంతట అదే సంతకం గీకేస్తాది. రిహార్సల్లో పేపర్ల మీద చూళ్ళేదా నువ్వు?"

చూశాడు. అంజిబాబు ఇంట్లో పాత పేపర్లన్నిటి మీదా ఆకుపచ్చ సంతకాలే.

"సీను ఒక్కపారే గద. ఒక్క కాయిదమే అయితది. తతిమ్మ రెండు?"

"జనం వన్స్ మోర్ అంటే మళ్ళా పాడాల్నా వద్దా? నువ్వు మళ్ళా దరఖాస్తు పెట్టాల్నా వద్దా?"

నిజమే. పద్యనాటకంలో వన్స్ మోర్ అన్నారంటే చచ్చిపోయిన వేషం కూడా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. మఫ్రఖ్ క్యాంపు నుంచి మూడు బస్సుల జనం రాబోతున్నారు. కానీ నోరు తెరిచి వన్స్ మోర్ అనేలా అంజిబాబు పాడాలి గదా! తన పెళ్ళి చివరికి ఆయన గొంతులో ఇరుక్కున్నందుకు పర్శరాములుకి ఒళ్ళు మండింది.

నాలుగో తారీఖు శుక్రవారం. ఒక స్కూలు హాల్లో సాయంత్రం నాటకం మొదలైంది. ముందు సోఫాల్లో ముదీర్ అబూ సాలెం, మండలి కుటుంబాలు. వెనక బెంచీల మీద క్యాంపువాళ్ళు. ముదీర్‌కి తెలుగు రాదు. నాటకం ఏమిటని అడిగితే, ఒక మంచి ఆఫీసరూ అతని పనివాళ్ళ కథ అని అంజిబాబు చెప్పి ఉన్నాడు.

అంజిబాబు బాగానే పాడాడు. పాడీ పాడీ, రాగం తీసీ తీసీ, పదమూడు పద్యాలు అయ్యాయి. సోఫాల వాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఒక్క వన్స్ మోర్ పడలేదు. అదేం చోద్యమో, జనమంతా పర్శరాములు కోసమే పడిచచ్చారు. అతను గోడను చూసి "రేపు రా" అన్నప్పుడల్లా వెనక బెంచీలు ఊగిపోయాయి. అంజిబాబు మొహం మాడిపోయింది. చివరి సీనులో కుర్చీ ఎక్కేటప్పటికి, ఎప్పుడు తెర దించుకుని ఇంటికి పోదామా అన్నట్టున్నాడు.

పర్శరాములు సెలవు ఫారం బల్ల మీద పెట్టి చేతులు జోడించాడు. ఆ జోడింపు నటన కాదు. "దయ చూడండి దొరా."

అంజిబాబు అసలు ముద్ర పైకెత్తి, కళ్ళు మూసుకున్నాడు.

"ముద్ర పడిన నాడె మూఢుడు మనుజుండు
ముద్ర లేని వాడు మోడు చెట్టు
సెలవు కోరు వాడ! చేతులు మోడ్చుమా
రేపు రమ్ము, పొమ్ము, రేపు రమ్ము!"

దభీ! ఆకుపచ్చ పెన్ను సరసరా గీకింది. "రేపు రా!"

తెర తాడు పట్టుకున్న లచ్చన్న, క్యాంపు మనిషే, తాడు లాగలేదు. ఆ పద్యం ఎవరిదో వెనక బెంచీల వాళ్ళకి ఇప్పుడే అర్థమైంది. మూడేళ్ళుగా, ఐదేళ్ళుగా అంజిబాబు ఆఫీసు కిటికీ దగ్గర వాళ్ళు విన్న మాటే అది. రాగం ఒక్కటే కొత్త.

"వన్స్ మోర్!" హాలు దద్దరిల్లింది.

అంజిబాబు ఉలిక్కిపడ్డాడు. ఆ మాట కోసం ఆయన కాకినాడ నుంచీ కాచుకుని ఉన్నాడు. కళ్ళు తడయ్యాయి. చాంద్ బాషా శ్రుతి అందించాడు. పర్శరాములు రెండో కాగితం పెట్టి మళ్ళీ చేతులు జోడించాడు. పద్యం, దభీ, సంతకం. ఈసారి మరింత రాగంతో.

"వన్స్ మోర్!"

మూడోసారి అంజిబాబు ముద్ర ఎత్తి, పద్యం పూర్తిచేసి, సంబరం పట్టలేక కళ్ళు తెరిచాడు. బల్ల మీద కంపెనీ లెటర్‌హెడ్డు కనబడింది. దాని మీద పర్శరాములు పేరు. బొంబాయికి టిక్కెట్టు. ముద్ర చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఒరేయ్..." అన్నాడు పెదాలు కదలకుండా.

పాస్‌పోర్టు చీటీ అయింది, సెలవు అయింది. టిక్కెట్టు లేకపోతే ఆ రెండూ చిత్తుకాగితాలు. పర్శరాములు వేషం మర్చిపోయి, గోడను కాదు, ఆయన కళ్ళలోకి చూశాడు. "దయ చూడుండ్రి సారూ."

ముందు సోఫాలో ముదీర్ అబూ సాలెం లేచి నిలబడ్డాడు. ఆయనకి తెలుగొక్కటే రాదు, ముద్ర భాష బాగా వచ్చు. "యల్లా, అంజీ! ఖతమ్, ఖతమ్!" అని చప్పట్లు కొట్టాడు. వేయవయ్యా ముద్ర అని ఆయన భావం. అంజిబాబు పని ఖతమంటున్నాడనుకుంది క్యాంపు. మూడు బస్సుల జనం లేచి అందుకున్నారు. "ఖతమ్! ఖతమ్! వన్స్ మోర్!"

ఒకవైపు కంపెనీ రూల్సు. ఇంకోవైపు జన్మలో మొదటిసారి వచ్చిన వన్స్ మోర్లు. అంజిబాబు గారు కళాకారుడండీ, ఏం చేస్తాడు! దభీమని గుద్దాడు. సంతకం గీకాడు.

"రేపు చెప్తా నీ పని" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. లచ్చన్న తెర దించేశాడు.

ఆ రేపు శనివారం. జనం మెప్పుతో అలసిపోయిన అంజిబాబు తొమ్మిదింటికి గానీ ఆఫీసుకి రాలేదు. చాంద్ బాషా ఏడింటికే కాగితాలు ముదీర్ ముందు పెట్టాడు. ముదీర్ వాటిని చూసి, రాత్రి తన కళ్ళ ముందే పడిన ముద్రలని గుర్తుపట్టి, పకపకా నవ్వి కింద తన సంతకం పెట్టాడు. పాస్‌పోర్టు పర్శరాములు చేతికొచ్చింది. సాయంత్రం విమానానికి సీటు కూడా దొరికింది. అంజిబాబు రాగానే ముదీర్ భుజం తట్టాడు.

"మీ తెలుగువాళ్ళు పనివాడికి సెలవిచ్చేటప్పుడు పాట పాడి, ఊరందరి ముందూ ముద్ర వేస్తారా! ఎంత మంచి ఆచారమయ్యా! నువ్వు పెద్ద మనసున్న మనిషివి."

కాదండీ, నేను చూసుకోకుండా కంపెనీ ముద్ర గుద్దానండీ అని చెప్పుకునేంత ధైర్యం ఏ పర్సనెల్ ఆఫీసరుకుంటుంది? ఆయన "షుక్రన్, షుక్రన్" అని వంగి వంగి నమస్కారాలు పెట్టి, అక్కణ్ణుంచి నేరుగా టీ గదికి పరిగెత్తాడు.

పర్శరాములు ఆఖరి కప్పులు కడుగుతున్నాడు.

"ఇదిగో, పర్శరాములూ. డేరా వాళ్ళు కార్డులు కూడా అచ్చేశారయ్యా. నువ్వు లేకపోతే ఆఫీసరు లేడు. ఒక్క వారం ఆగు నాయనా. నీకు పుణ్యముంటుంది. కావాలంటే..." అని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ గొంతులో నిజమైన జాలి, నిజమైన కన్నీరు. స్టేజీ మీద ఆ పద్నాలుగు పద్యాల్లోనూ ఇంత బాగా బతిమాలలేదు మహానుభావుడు.

పర్శరాములు చూపు దానంతట అదే పైకి లేచింది. అంజిబాబు తల దాటి, ఆయన వెనకున్న గోడ మీద ఆగింది.

"రేపు రా."

అనేశాక తనే ఉలిక్కిపడ్డాడు. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చింది! కడుపులో ఎంత చల్లగా ఉంది! ఏడాదిన్నరగా ఈ మనిషి ఈ చల్లదనమే తాగుతున్నాడా అనిపించి, ఒక్క నిమిషం భయమేసింది. అంజిబాబు రిహార్సల్ అలవాటుకొద్దీ తలూపి, వెనక్కి తిరిగి, రెండడుగులు వేసి ఆగాడు.

"రేపు నువ్వుండవు కదోయ్!"

పర్శరాములు చేతులు తుడుచుకున్నాడు. ఈసారి గోడను చూడలేదు.

"గదే సారూ. రేపంటె గదే."