కంచం అడుగున ఎర్ర చుక్క

నేను ఒక స్టీలు కంచాన్ని. మూడు వందల మందిమి ఒకే అచ్చులో పుట్టాం. ఇళ్లల్లో కంచాలకు పెట్టినవాళ్ల పేరో, పెళ్లికూతురి పేరో చెక్కించి ఉంటుంది కదా, మాకు అదేం లేదు. ఊరందరికీ అద్దెకు తిరిగేవాళ్లం మరి. విందు అయిన ప్రతిసారీ ప్లాస్టిక్ ప్లేట్లు తెచ్చి పంటకాలవలో పారేస్తున్నారని, భూలక్ష్మి తన మహిళా సంఘాన్ని ఒప్పించి మమ్మల్ని కొనిపించింది. మంచిపనే. అందుకే నాకు మొదటినుంచీ అనుమానం. ఈ ఊళ్లో మంచిపని అడ్డం లేకుండా సాగిందెప్పుడు గనక?

అనుకున్నట్టే నాలుగు నెలలు ఒక్కరూ అడగలేదు. ఇంకో నెల చూసి మమ్మల్ని అమ్మేద్దామంది సంఘం. రైసుమిల్లు అనసూయమ్మ తన కూతురి పెళ్లికి తీసుకుంటే ఊరంతా వెనకే వస్తుందని భూలక్ష్మి ఆశ. అనసూయమ్మ వచ్చి నన్ను రెండు వేళ్లతో ఎత్తి వాసన చూసింది.

"వీటిలో ఎవరెవరు తిన్నారో ఏమో. కాలనీకి కూడా ఇస్తావా?"

"అడిగితే ఇస్తామండి. మరిగే నీళ్లతో కడుగుతాం."

"కడిగితే మురికి పోతుంది గానీ తల్లీ..."

మిగతాది అనలేదు. కులం మాట ఎత్తకుండా కులం సంగతి చెప్పడం వీళ్లకు ఉగ్గుపాలతోనే వస్తుంది. అప్పటికి నాలో ఒక్క మెతుకు పడలేదు, ఆ ముక్క చెబుదామంటే నాకు నోరేదీ? ఆవిడ గోళ్లరంగు సీసా తెప్పించి, నాతో సహా వంద కంచాల అడుగున ఎర్ర చుక్క పెట్టించింది. అవి తమవాళ్లకేనట, కాలనీ గడప తొక్కకూడదట. భూలక్ష్మి సరేనంది. నాకు ఒళ్లు మండిపోయింది.

పెళ్లి అయింది. ఊరు నిజంగానే వెనకే వచ్చింది. ఆషాఢం దాటేలోగా కాలనీ పెద్ద ఏసోబు, భార్య జ్ఞాపకార్థ కూడికకు మూడు వందలూ కావాలన్నాడు. చుక్కవి దాచి లేవని చెప్పడానికి భూలక్ష్మికి మనసొప్పలేదు. మమ్మల్నీ పంపి, తనూ వెళ్లింది.

వడ్డనకు ముందు ఏసోబు నన్ను తువ్వాలుతో తుడుస్తూ వెనక్కి తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు. దానికీ చుక్క ఉంది. హోటల్లో తమకని విడిగా పెట్టిన గ్లాసులో టీ తాగి పెరిగిన మనిషి, ఇంకేమనుకుంటాడు?

"ఇవి మాకేనని ఈ చుక్క పెట్టారా అమ్మా?"

"కాదు బాబాయ్," అంది భూలక్ష్మి, నేల చూస్తూ. "అవి మిల్లువాళ్లవి. మీకు ఇవ్వొద్దన్నారు. నేను సరేనన్నాను."

ఆయన నన్ను నెమ్మదిగా దొంతి మీద పెట్టేశాడు. అల్లుణ్ని కొట్టుకు పంపి ప్లాస్టిక్ ప్లేట్లు తెప్పించాడు.

"నీ మీద కోపం లేదమ్మా. ఈ ప్లాస్టిక్ వాటిలో ముందు ఎవరు తిన్నారని ఎవరూ అడగరు. తినగానే పారేస్తాంగా."

భూలక్ష్మికీ ఒకటిచ్చి, దగ్గరుండి అన్నం పెట్టాడు. మా మూడు వందల మంది ఎదుట, ఆ ప్లాస్టిక్ ప్లేటులో, తలెత్తకుండా తింది.