ఆవు వెళ్ళేంత దారి

రాజ్యలక్ష్మి కొత్తింట్లోకి దొడ్డిగుమ్మం నుంచే తిరుగుతోందని అశోక్‌నగర్ వీధిలో అందరికంటే ముందు కనిపెట్టినవాడు పాలవాడు. వాస్తు ఏమైనా మారిందా అమ్మా అని అడిగాడు. మారిందంది. అంతకంటే సులువైన అబద్ధం ఆమెకు తోచలేదు.

వీధివైపు పోర్టికో ఉంది. అది రెండోసారి పోసినది. మొదటిది గృహప్రవేశం నాడే, భోజనాల వేళ, సెంట్రింగు పనిచేసే పీరయ్య మీద పడింది.

అప్పటికి స్లాబు పోసి తొమ్మిది రోజులు. ఇల్లంతా పూర్తయి అదొక్కటే వెనకబడింది. కింద దాన్ని మోస్తూ సెంట్రింగు కర్రలు దట్టంగా నిలబెట్టి ఉన్నాయి. మనుషులు పక్కకి తిరిగి దూరిపోయారు. చిక్కడపల్లి నుంచి పసుపూ కుంకుమలతో నడిచొచ్చిన ఆవుకు మాత్రం పక్కకి తిరగడం చేతకాలేదు. పురోహితుడు గడియారం చూసి, ఆవును చూసి, రాజ్యలక్ష్మిని చూశాడు.

"పీరయ్యా, మధ్యలో ఆ రెండు కర్రలూ తీసెయ్యి."

"ఇంక పచ్చిగుందమ్మా."

"ఐదు నిమిషాలేనయ్యా. ఆవు వెళ్ళగానే పెట్టేద్దువుగాని."

తీశాడు. ఆవు మహారాణిలా లోపలికి వెళ్ళి, హాలు నడిమధ్య పేడ వేసింది. శుభమని అందరూ మురిసిపోయారు. పీరయ్య కర్ర పట్టుకుని రెండుసార్లు వచ్చాడు. చుట్టాలు వస్తున్నారు, కాసేపాగమన్నది కూడా ఆమే. మూడోసారి వచ్చేటప్పటికి ఆమె వడ్డనలో ఉంది. పప్పు గరిటె చేతిలో ఉండగానే ఆ చప్పుడు వినబడింది.

కర్రలు తీయించింది తానేనని ఆ రాత్రే భర్తతో చెప్పేసింది. సూర్యప్రకాశరావు సచివాలయంలో పనిచేసే మనిషి. వినకూడనివి వినకుండా ఉండడం ఆయన ఉద్యోగంలో నేర్చుకున్నాడు.

"నువ్వేం చెప్పలేదు. స్లాబు కొలాప్స్ అయింది. అంతే."

ఆ ఏడు ఆయన నోట ఆ మాట తెగ ఆడేది. ఊళ్ళో ఉద్యమం. చర్చలు కొలాప్స్, బస్సులు కొలాప్స్, పిల్లల పరీక్షలు కొలాప్స్, నారాయణగూడలో తోడల్లుడి ఆరోగ్యం కొలాప్స్. పడిపోయింది, ఆగిపోయింది, చెడిపోయింది, పోయాడు అని విడివిడిగా చెప్పే శ్రమ తప్పింది. పేపరు చదివి, ఆ మాట అని, కాఫీ తాగేవాడు.

రాజ్యలక్ష్మికి ఆ సదుపాయం లేకపోయింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి పోర్టికో వైపు నుంచి కర్ర బిగియడానికి అడుగున చెక్కముక్క దిగ్గొడుతున్న చప్పుడు వచ్చేది. టక్, టక్, టక్. పక్క వీధిలో ఎవరో ఇల్లు కడుతున్నారేమోనని వెళ్ళి చూసింది. కర్ఫ్యూ రోజుల్లో ఇల్లెవరు కడతారు? రేడియో పెంచి చూసింది. పాట వెనక నుంచి వినిపించింది. మూడు దెబ్బలతో ఆగేది. నాలుగోదాని కోసం చూస్తూ కూర్చుంటే కంచంలో అన్నం ఎండిపోయేది.

ఇక గురువారం గురువారం నర్సింహమ్మ వచ్చేది. పోయిన పీరయ్య భార్య. పాలమూరు నుంచి ఇద్దరూ కలిసే పనికొచ్చారు. కొత్త పోర్టికో కింద ఓ గంటసేపు కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. మంచినీళ్ళిస్తే తాగి వెళ్ళిపోయేది.

లేబరాఫీసు వాళ్ళు సంజాయిషీ అడిగారు. సూర్యప్రకాశరావు ఇంగ్లీషులో చిత్తుప్రతి తయారుచేశాడు. పనివాడు తనంతట తానే కర్రలు తీయగా స్లాబు హఠాత్తుగా కొలాప్స్ అయినదని రాసి, కింద నర్సింహమ్మ వేలిముద్రకు చోటు వదిలాడు.

"నీ దస్తూరీ బాగుంటుంది, శుభ్రంగా కాపీ చెయ్యి. రేపు గురువారమేగా, ముద్ర వేయించి ఉంచు," అన్నాడు.

ఆమె కాపీ చేసింది. దస్తూరీ నిజంగానే బాగుంది.

మర్నాడు నర్సింహమ్మ వెంట మరిది మాసయ్య కూడా వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు. రాజ్యలక్ష్మి కాగితం, సిరా పట్టుకుని రెండు నెలల తర్వాత మొదటిసారి వీధిగుమ్మం దాటింది. తల ఎత్తి పైకి చూడలేదు.

"ఏముందమ్మా గండ్ల?" కాగితం వైపు చూసి అడిగింది నర్సింహమ్మ.

"స్లాబు కూలిపోయిందని."

"కూలింది నాకెర్కనే. ఎట్ల కూలిందని రాసిన్రు?"

రాజ్యలక్ష్మి కాగితంలోకి చూసింది. బి.ఏ.లో అంత ఇంగ్లీషు చదివిన మనిషికి తెలుగు ముక్క ఒక్కటీ రాలేదు.

"కూలోళ్ళ అడ్డ మీద మా మరిదిని పనికి పిలుస్తలేరమ్మా. కట్టెలు ఎప్పుడు తియ్యాల్నో తెల్వని పీరయ్య తమ్ముడంట. ఇరవై ఏండ్లు సెంట్రింగు చేసిండు మా ఆయన. పచ్చి స్లాబు కింద ఉత్తగనే కట్టె తీస్తడా?"

"తియ్యడు," అంది రాజ్యలక్ష్మి.

"ఆ పొద్దు మీ దొడ్లెనే బువ్వ తిన్నం. రెండు బుక్కలు తిని లేసిండు. ఏడికి పోతున్నవంటే, ఆవు కోసం అమ్మ తియ్యమన్నది, పెట్టొస్త అన్నడు." నర్సింహమ్మ గొంతు పెంచలేదు. "గప్పటిసంది వస్తున్న. నువ్వే జెప్తవని. నేను జెప్తే ఎవలు ఇంటరమ్మా?"

రాజ్యలక్ష్మి లోపలికి వెళ్ళి మరో కాగితం తెచ్చింది. పోర్టికో మెట్టు మీదే, స్లాబు కిందే కూర్చుని తెలుగులో రాసింది. పచ్చిగా ఉందని పీరయ్య చెప్పాడనీ, ఆవుకు దారి కోసం కర్రలు తీయించింది తాననీ, తిరిగి పెట్టబోతే రెండుసార్లు ఆపింది తాననీ రాసింది. కింద తన పేరు, ఇంటిపేరుతో సహా. దస్తూరీ అంత బాగా రాలేదు.

చదివి వినిపించింది. నర్సింహమ్మ కొంగు నోట్లో కుక్కుకుని విన్నది.

"ఇంకొక్కపారి సదువమ్మా. మాసయ్యకు ఇనబడలే."

వీధి మలుపులో సూర్యప్రకాశరావు స్కూటరు వినిపించింది. కాలేజీలో రాజ్యలక్ష్మి పాఠం చదివితే రెండో బెంచీకి వినపడదని పేరు. గేటు దగ్గర స్కూటరు ఆగింది. ఆమె లేచి నిలబడి, మొదటి వాక్యం నుంచి, గేటు దాకా వినిపించేలా మళ్ళీ మొదలుపెట్టింది.