ఇల్లుబండి అద్దం

నోట్లో గుండుసూదులు పెట్టుకుని, పాదాలతో మిషను తొక్కుతూ, ఆవిడ మాటిమాటికీ షెడ్డు గుమ్మం వైపు చూస్తోంది. కుడుతున్నది ఎవరిదో మోటారుహోములో, అదే ఇల్లుబండిలో, పడక మీద వేసే పరుపు తొడుగు. మూలల దగ్గర మందపాటి గుడ్డ మడతలు పడి సూది మొరాయిస్తుంది. అక్కడ చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టే వేయాలి. ఆ బండ్లు బాగుచేసే షెడ్డులో ఆవిడ పేరు కుట్టక్క. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేక అది ఎప్పుడో తుప్పు పట్టిపోయింది.

"అక్కా, సీటు కొనే ఆయన వచ్చాడు," అన్నాడు మేస్త్రి, చేతుల జిడ్డు గుడ్డకు తుడుచుకుంటూ. "ఇంకోసారి ఆలోచించుకో. ఆ సీటంటే బావకి ప్రాణం."

ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. "అందుకేగా దాన్ని ఆఖరికి ఉంచింది," అంది.

మేస్త్రి పానా, నూనె డబ్బా అందుకుని ఆవిడ ఇంటి వైపు దారితీశాడు.

ఒకప్పుడు వీధి మలుపులో ఆవిడకు సొంత కుట్టుకొట్టు ఉండేది. రెండు మిషన్లు, గాజు తలుపు, తలుపు మీద ఆవిడ పేరు. "మనిద్దరం లోకమంతా చుట్టొద్దామే" అంటూ మొగుడు దాన్ని అమ్మేసి ఒక పాత ఇల్లుబండి కొనుక్కొచ్చాడు. ఆవిడను ఒక్క మాట అడిగితే ఒట్టు. లోపల రెండు పడకలు, పొయ్యి, చిన్న ఫ్రిజ్జు. అబ్బో, ఏం సంబరం! మొదటి ప్రయాణం ఇంటి నుంచి కనిపించే వంతెన దాకా సాగింది. అక్కడ గేరుబాక్సు పోయింది. ఆవిడ బంగారు గాజులు ఆ గేరుబాక్సులోకి వెళ్ళాయి. వానలకు కప్పు కారింది. మేస్త్రి వచ్చి కిటికీ మూల బొటనవేలితో నొక్కితే వేలు మెత్తగా లోపలికి దిగింది. గోడలోని చెక్కంతా కుళ్ళిపోయిందట. ఆవిడ కంటి ఆపరేషను డబ్బు ఆ చెక్కలోకి వెళ్ళింది. నడవని బండికి టైర్లు అరగవు కదా అనుకుంటే, ఇంటి ముందు నిలబెట్టిన చోటే ఎండకు పగుళ్ళిచ్చాయి. బ్యాటరీ, నీళ్ళ పంపు, మళ్ళీ కప్పు. చివరికి రిపేర్ల బాకీ తీర్చడానికి అదే షెడ్డులో కుట్టుపనికి కుదిరింది. ఆయన మాత్రం సాయంత్రాలు ఆ కదలని బండి ఎక్కి, ఆవిడే కుట్టిన డ్రైవరు సీటులో కూర్చుని స్టీరింగు పట్టుకునేవాడు. ఒక్కనాడైనా "నీకు అన్యాయం చేశానే" అన్న పాపాన పోలేదు.

పక్షవాతం వచ్చి ఆయన మంచాన పడ్డప్పుడు ఆవిడ ఏడవలేదు. మందులకు డబ్బు కావాలి. పానా తీసుకుని బండెక్కింది.

"ఇన్నాళ్ళూ నేను దాన్ని మేపాను. ఇక అది మిమ్మల్ని మేపుతుంది," అంది మంచం పక్కన నిలబడి. "మీ కళ్ళ ముందే ఊడదీస్తాను. చూస్తూ ఉండండి."

మంచం కిటికీ పక్కనే ఉన్నా ఆయన మెడ తిరగదు. "అయితే దాని పక్క అద్దం తెచ్చి కిటికీకి బిగించు," అన్నాడు ముద్దముద్దగా. "చూస్తాను."

ఆవిడ కడుపు నిండిపోయింది. శిక్షను తనే అడిగి పుచ్చుకున్నాడు! బండి పూర్తిగా కనిపించేలా తిప్పి మరీ అద్దం బిగించింది. అప్పటి నుంచి ఏ భాగం ఊడదీసినా లోపలికి వచ్చి "చూశారా?" అని అడిగేది. "చూశాను" అనేవాడు. ఫ్రిజ్జు పోయినా అదే మాట, పొయ్యి పోయినా అదే మాట. అద్దం తుడవబోతే మాత్రం, "దాన్ని కదపకే, సరిగ్గా ఉంది," అనేవాడు. ఆవిడ నిలబడ్డ చోటికి అందులో గోడ తప్ప ఏమీ కనిపించేది కాదు. పగలు ఆయనను చూసుకోవడానికి వచ్చే ఆడపడుచు మొదట "ఏం మనిషివి వదినా నువ్వు, రాయివా?" అని శాపనార్థాలు పెట్టింది. రెండు రోజులు తిరక్కుండానే చప్పబడిపోయింది. దారికొచ్చిందిలే అనుకుంది ఆవిడ.

ఇవాళ సీటు. రేపు తుక్కువాళ్ళు వచ్చి మిగిలిన డొల్లను లాక్కుపోతారు. ఇవాళ ఆయన నోట అన్యాయం చేశానన్న మాట రాకపోతే ఇక ఎప్పటికీ రాదని ఆవిడకు తెలుసు.

ఇంటి ముందున్న బండిలో సీటు బోల్టులు తుప్పుతో బిగుసుకుపోయాయి. మేస్త్రి నూనె పోసి అన్నీ వదులు చేశాడు. ఆఖరిది మాత్రం ఆవిడ పట్టుబట్టి తనే విప్పింది, మోచెయ్యి దోక్కుపోయినా సరే. కొన్నాయన సీటు మీద చెయ్యి వేసి నిమిరి, "కుట్టు భలే ఉందండీ," అన్నాడు.

"కాస్త గట్టిగా అనండి, లోపలికి కూడా వినపడాలి," అంది ఆవిడ.

సీటు వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే ఆయన కళ్ళు అద్దం మీదే ఉన్నాయి. ఆవిడ గబగబా లోపలికి వెళ్ళింది.

"చూశారా?"

"చూశాను."

"సీటు పోయింది. ఇంక ఏమీ మిగల్లేదు. ఇప్పుడైనా నాతో ఏమైనా అనాలనిపిస్తోందా?"

ఆయన మొహంలో బాధ లేదు. అదే ఆవిడకు ఒళ్ళు మండించింది. "చాలా దూరం వెళ్ళొచ్చానే," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు కూడా వస్తే బాగుండేది."

మతి తప్పుతోంది అనుకుంది. "మీ దూరాలు తగలెయ్య!" అని విసుక్కుని పాలు వెచ్చబెట్టడానికి వెళ్ళింది. తెచ్చి గ్లాసు పెదవులకు ఆనిస్తే పాలు పక్కకు కారిపోయాయి.

ఆడపడుచు గొల్లుమంది. ఆవిడ గ్లాసు కింద పెట్టి, గుడ్డతో ఆయన గడ్డం తుడిచి, కళ్ళు మూయడానికి వంగింది. ఏం చూస్తూ పోయాడో చూద్దామని ఆయన తల పక్కనే తలగడ మీద తల ఆనించింది.

బండి లేదు. డొల్ల కాదు కదా, దాని నీడైనా లేదు. అద్దం నిండా రోడ్డు. వంతెన ఎక్కి, దాన్ని దాటి, అవతలి గుట్ట మలుపు దాకా రోడ్డే.

"ఎవరు తిప్పారు దీన్ని?"

"నేనే, వదినా," అంది ఆడపడుచు వెక్కుతూ. "నువ్వు బిగించిన మర్నాడే. అన్నయ్య బతిమాలాడు. నీకు చెప్పొద్దన్నాడు."

ఆవిడకు దుఃఖం రాలేదు. ఒళ్ళంతా భగ్గుమంది. ఇన్నాళ్ళూ ఎవరి కోసం ఊడదీసినట్టు? దొంగ! నా కొట్టు అమ్మిన డబ్బుతో, నన్ను ఇక్కడే వదిలేసి, ఒక్కడే లోకమంతా చుట్టొచ్చాడు. లేచి రెండు చేతులా అద్దాన్ని పట్టుకుని బండి వైపు తిప్పబోయింది. ఆడపడుచు గట్టిగానే బిగించింది, అది కదల్లేదు. పానా మేస్త్రి పట్టుకుపోయాడు.

ఆవిడ వేళ్ళ జిడ్డు అంటిన అద్దంలో, ఆయన మూతపడని కళ్ళ ఎదుట, రోడ్డు వంతెన దాటి ముందుకు పోతూనే ఉంది.