ఖాళీ లైను

సరుకు చీటీలు టైపు చేస్తుండగా మోడెం కీచుమంది. టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. ఎవరూ ముట్టుకోకుండానే కంప్యూటరు నెట్‌కు ఫోను కలుపుతోంది. ఆమె వంగి మోడెం వైరు పీకేసింది.

గోదాము ఆఫీసుకంతటికీ ఉన్నది ఒకటే లైను. ఆసుపత్రిలో అమ్మ దగ్గరున్న అక్క నిన్న విసుక్కుంది: "ఎప్పుడు చేసినా ఎంగేజే! లోకంలో ముచ్చట్లన్నీ నీ దగ్గరేనా? రేపు అమ్మకు గొంతులో గొట్టం తీస్తారట. నీతో మాట్లాడాలని ఒకటే సైగలు."

కబురు పెడితే మెకానిక్కు వచ్చాడు.

"దయ్యం పట్టిందనుకున్నారా అక్కా? టైము పెట్టిన పనులివి. గడియారం సరిచేసుకోడానికొకటి, వైరస్ మందు తెచ్చుకోడానికొకటి. నెట్ లేకపోతే వాటంతటవే లైను కలిపేస్తాయి."

"మాన్పించెయ్యండి."

"మాన్పించేశా. ఇక మీరు చెబితేనే కలుపుతుంది. మా ఆవిడ కూడా నా మాట ఇంత బుద్ధిగా వినదు."

నవ్వాలని గుర్తొచ్చి నవ్వింది. వైరు మళ్ళీ పెట్టి అతను వెళ్ళిపోయాడు.

చదువు మానేసిన ఏడాది నుంచీ ఆమె కూర్చుంటున్న కుర్చీ అది. పెళ్ళయినా, పిల్ల పుట్టినా మారలేదు. సీటు చిరిగితే అమ్మ పాత చీరతో మెత్త కుట్టి ఇచ్చింది.

లైను ఉందో లేదోనని రిసీవరు ఎత్తింది. గుయ్‌మంది. పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ ఎత్తింది. అన్నం తింటూ లేచి, చెయ్యి కడుక్కుని మళ్ళీ ఎత్తింది. ఈసారి వెంటనే పెట్టబుద్ధి కాలేదు. అమ్మతో ముందు ఏమనాలి? పిల్లకు పన్ను వచ్చిందని చెప్పాలా, నొప్పి తగ్గిందా అని అడగాలా? గుయ్‌మనడం మారి, పెట్టకపోతే వచ్చే కూత మొదలై చాలాసేపయ్యాక గాని పెట్టలేదు.

పెట్టీ పెట్టగానే మోగింది.

"ఎన్నిసార్లు చేశానే..." అక్క గొంతులో కోపం లేదు. "వార్డు ఫోను మంచం దాకా లాగించాను. అమ్మే చెవి దగ్గర పెట్టుకుంది. ఎంగేజమ్మా, తర్వాత చేద్దామంటే, ‘పిల్ల పనిలో ఉందిలే, ఉండు’ అంది. అట్లాగే పట్టుకుని ఉంది. చేతిలోంచి నేనే తీశాను."

"తర్వాత?"

"తర్వాతేముందే. పోయింది." అక్కే అడిగింది: "మళ్ళీ ఆ కంప్యూటరేనా?"

బల్ల మీద మోడెం మాత్రం చప్పుడు లేకుండా, చెప్పిన మాట వింటూ బుద్ధిగా ఉంది.

"ఆఁ. కంప్యూటరే."

అవతల పెట్టేశారు. ఆమె లేచి, చెప్పులు వేసుకుని, అన్నం గిన్నె మూత పెట్టకుండానే బయటికి నడిచింది. కుర్చీలో, అమ్మ కుట్టిన మెత్త మీద, రిసీవరు వెల్లకిలా పడి కూత పెడుతూనే ఉంది.